సుగ్గి బాటలో చదువెక్కడ?

ఆదోని, ఎమ్మిగనూరు: సంక్రాంతి దాటిందంటే కోసిగి, పెద్దకడబూరు, మంత్రాలయం వైపు ఊళ్లలో ఇళ్లకు తాళాలు పడతాయి. మూటాముల్లె, వంటపాత్రలు, జొన్నపిండి సంచులు బండ్లకెక్కుతాయి. వాటి నడుమ పిల్లలూ ఎక్కుతారు. గుంటూరు వైపు మిరప కోతల సుగ్గికి ప్రయాణం.

పట్నాల్లో ఇప్పుడు మరో రకం ప్రయాణం కనిపిస్తోంది. బడికి పంపకుండా ఇంట్లోనే చదువు చెప్పే తల్లిదండ్రులు కొందరు పిల్లల్ని కారెక్కించి కోటలు, శాసనాలు, సముద్రతీరాలు తిప్పుతున్నారు. చూసిందే పాఠమంటున్నారు. మన సుగ్గి పిల్లలు పోయేదీ అలాంటి చోట్లకే. చూసేది మాత్రం మిరపచేనే.

దారంతా పాఠాలే

మొదటి పాఠం మన జిల్లాలోనే ఉంది. పత్తికొండ-గుత్తి దారిలో ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుని శాసనాలున్నాయి. 1929లో భూగర్భ శాస్త్రజ్ఞుడు అను ఘోష్ వీటిని గుర్తించారు. తల్లిదండ్రుల మాట వినాలి, ప్రాణుల పట్ల దయ ఉండాలి, నిజం పలకాలి, శిష్యులు గురువును గౌరవించాలి అని అక్కడ బ్రాహ్మీ లిపిలో చెక్కించారు. పల్లెజనానికి భేరి మోగించి ఈ మాట చెప్పమన్నారు.

ఆదోని కోటను 1786లో టిప్పు సుల్తాను పట్టుకున్నాడు. 1800లో నిజాం ఈ సీమను కుంఫిణీకి ఇచ్చేశాడు. 1953 దాకా ఆదోని బళ్లారి జిల్లాలో ఉండేది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాకే కర్నూలు జిల్లాలో కలిసింది.

నంద్యాల, నల్లమల దాటితే గుండ్లకమ్మ మీద విజయనగర కాలం నాటి కంభం చెరువు. గుంటూరు చేరేలోగా రెడ్డిరాజుల కొండవీడు. కృష్ణానది ఒడ్డున అమరావతి స్తూపం. దాని శిల్పాలు కొన్ని లండన్ మ్యూజియం దాకా పోయాయి. బాపట్ల జిల్లా తీరాన మోటుపల్లి. ఓడ మునిగితే ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకును రాజు లాక్కోడని, న్యాయమైన సుంకమే తీసుకుంటామని కాకతీయ గణపతిదేవుడు 1244లో అక్కడ అభయశాసనం వేయించాడు.

అక్షరం ఆగిపోతోంది

ఇన్ని పాఠాల పక్కనుంచి పోయినా మన పిల్లలకు చెప్పేవారు లేరు. తెల్లవారకముందే అమ్మానాన్నలు చేలోకి దిగుతారు. పెద్దపిల్ల చంటిబిడ్డను ఎత్తుకుంటుంది. కాస్త ఎదిగినవాడు తానూ కాయలు కోస్తాడు. తిరిగి ఊరు చేరేసరికి బడిలో పరీక్షలు ముగిసిపోతాయి. మరుసటి ఏడు ఆ పిల్లవాడు బడి గడప తొక్కడానికే సిగ్గుపడతాడు. కారులో తిరిగే పిల్లవాడికి పక్కన చదువుకున్న తల్లి ఉంది. రేపు ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి పరీక్ష రాసుకుంటాడు. సుగ్గి పిల్లవాడికి బడి తప్ప మరో దిక్కు లేదు.

ఏం చేయాలి?

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువు ఉచితం, నిర్బంధం. సంవత్సరం మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి. టి.సి. ఆలస్యమైందని, వయసు కాగితం లేదని తిప్పిపంపకూడదు. సుగ్గికి పోయినచోట దగ్గరలోని సర్కారు బడికి ఈ హక్కుతోనే పోవచ్చు.

అంతకంటే మేలు, పిల్లల్ని ఊళ్లోనే ఉంచడం. వలస పోయినవారి పిల్లలకు కూడూ పడకా ఇచ్చే సీజనల్ హాస్టళ్లు సమగ్ర శిక్ష కింద పెట్టే వీలుంది. బండి ఎక్కకముందే హెడ్మాస్టరును కలిసి అడగండి. అయితే జనం వెళ్లిపోయాక హాస్టల్ తెరిస్తే ఫలితం ఉండదు. పంట చేతికి రాదని తేలిన నాడే అధికారులు వాటిని సిద్ధం చేయాలి.

ఏడువందల ఏళ్లకు పైగా కిందట సముద్రం దాటి వచ్చిన వర్తకుడి సరుకుకే ఒక రాజు అభయం ఇచ్చాడు. మన ఊరు దాటి పోయే పిల్లల చదువుకు ఆపాటి అభయం ఇవ్వలేమా?