కారు విడిభాగములు – వారంటీ భయము

క్రొత్తకారు గుమ్మము ముందు నిలిచిన దినమున చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, హారతి యిచ్చుట మనవంతు. తరువాతి వ్యవహారమంతయు మగవారిదని మిన్నకుందుము. కాని సర్వీసు బిల్లు వచ్చినప్పుడు ఆ సొమ్ము తీయవలసినది పాలకు, బియ్యమునకు, పిల్లల ఫీజులకు లెక్కించి పెట్టుకొన్న డబ్బులోనుండియే గదా! యుద్ధమధ్యమున దశరథుని రథమునకు కడచీల ఊడిపోగా కైకేయి తన వ్రేలు నుంచి రథమును నిలిపెనని పెద్దలు చెప్పుదురు. వాల్మీకిలో ఆ వ్రేలి ముచ్చట లేదు. ఐనను, విడిభాగముల సంగతి ఆడువారికెందుకని యడుగువారికి ఆ కథ చాలును.

బెజవాడలో కారుగలవారికి రెండు త్రోవలు కలవు. ఒకటి, కారమ్మిన షోరూమువారి సర్వీసుసెంటరు: చల్లనిగది, కాఫీ, కంప్యూటరు బిల్లు. రెండవది, పటమటకును కానూరునకును నడుమనున్న ఆటోనగరు. లారీలకు బాడీలు కట్టువారు, రేడియేటర్లు బాగుచేయువారు, సొట్టలు తీయువారు, క్రొత్తవి పాతవి విడిభాగములమ్మువారు అచ్చట వీధులకు వీధులే యున్నారు. తండ్రి చేతి పనిముట్టు అందుకొని కొడుకు పని నేర్చిన చోటది. షోరూములో చెప్పిన వెలకంటె తక్కువకే పని జరుగుననుట అందరెరిగినదే. ఐనను క్రొత్తకారువారు అటు పోవుటకు జంకుదురు. కారణ మొక్కటే: “బయటివారి చేయి పడినచో మీ వారంటీ పోవును” అని సర్వీసుసెంటరులో చెప్పిన మాట.

ఈ మాట యెంతవరకు నిజము? 2011లో ఒక వినియోగదారుడు చేసిన ఫిర్యాదుపై కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియావారు విచారణ జరిపి, 2014 ఆగస్టు 25న 14 కారు కంపెనీలపై సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించిరి. విడిభాగములను, లోపము కనిపెట్టు పరికరములను బయటి మెకానిక్కులకు అందకుండ చేయుట ఆ కంపెనీల నేరము. బయట మరమ్మతు చేయించినంత మాత్రమున వారంటీ రద్దు చేయరాదనియు, బయటి పనిలోని లోపమువలన కలిగిన నష్టము మేరకే పూచీ తప్పుకొనవచ్చుననియు ఆ యుత్తరువులో నున్నది. కంపెనీలు పై న్యాయస్థానములకు పోగా వ్యాజ్యము ఏండ్లతరబడి సాగినది. కాని అందులోని న్యాయము మన సామాన్యబుద్ధికి అందునదే. చీర కొంగు మనము చింపుకొన్నచో, అంచు రంగు వెలిసినందుకు దుకాణదారుని పూచీ యేల పోవలెను?

నిరుడు మా కారులో ఏసీ చల్లబడుట మానినది. వారంటీ గడువింకను మిగిలియున్నది. సర్వీసుసెంటరు కుర్రవాడు కారంతయు చూచి, “అమ్మా, వెనుక కెమెరా బయట పెట్టించినారు. వారంటీ రాదు” అనెను. మావారు బడిపిల్లలను గద్దించుటయే గాని ఇటువంటిచోట నోరు మెదపరు. నేను వారంటీ పుస్తకము తీసి, “నాయనా, కెమెరా తీగవలన ఏసీ కంప్రెసరు ఎట్లు చెడినదో, ఏ నియమము క్రింద కాదనుచున్నారో ఈ జాబుకార్డుపై వ్రాసి సంతకము పెట్టుము” అంటిని. అతడు లోపలికి పోయి పెద్దమనిషినొకనిని వెంటబెట్టుకొని వచ్చెను. ఆయన తీగలు పరీక్షించి, రెండింటికిని సంబంధము లేదని యొప్పుకొనెను. కంప్రెసరు ఉచితముగనే మార్చిరి.

ఐతే వారి పక్షమునను న్యాయము కలదు. కంపెనీ తీగను కోసి పెద్దలైట్లో, పాటలపెట్టెయో అతికించినచో, ఆ విద్యుత్తు మార్గము కాలినప్పుడు వారి పూచీ నడుగుట ధర్మము కాదు. బ్రేకులు, స్టీరింగు, ఎయిర్‌బ్యాగులు ప్రాణముతో ముడిపడినవి. వారంటీ యున్నన్నాళ్లు వాటిని సర్వీసుసెంటరులోనే చేయించుట మేలని నా అభిప్రాయము. వైపరు రబ్బర్లు, ఫిల్టర్లు, బ్రేకుప్యాడ్లు వంటి అరిగిపోవు సరకునకు సాధారణముగ వారంటీ వర్తింపదు. టైర్లకు, బ్యాటరీకి వాటి తయారీదారులదే పూచీ.

విడిభాగములన్నియు కారుకంపెనీయే చేయునని మనము భ్రమపడుదుము. తిరుపతి దగ్గర కరకంబాడిలో పుట్టిన అమరాన్ బ్యాటరీనే చూడుడు. దానిని చేయు అమరరాజావారు కారుకంపెనీలకును అమ్ముదురు, వీధిలోని దుకాణములకును అమ్ముదురు. కావున బయటి సరకంతయు నాసిరకము కాదు. భయపడవలసినది నకిలీకి: పేరుగల కంపెనీ పెట్టెను పోలిన పెట్టె, లోపల మరియొకరి సరకు. అమ్మువాడు బిల్లు వ్రాయుటకు వెనుకాడినచో ఆ వస్తువును అచ్చటనే విడిచి రండు.

పాత భాగములు కొనునపుడు మరియొక జాగ్రత్త. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగునగరు వీధులలో కార్లు నీట నానినవి. నీట మునిగిన ఎలక్ట్రానిక్ భాగము పైకి తళతళలాడుచుండి, లోపల త్రుప్పు పట్టుచుండును. అట్టివాటిని పాతవి కొనకుండుటయే క్షేమము. వరదనీటిలో ఆగిన ఇంజనును స్టార్టు చేసినచో నీరు సిలిండరులోనికి పోయి ఇంజను విరుగును. దానికి కంపెనీ వారంటీ రాదు, ఇంజను రక్షణ ప్రత్యేకముగ చేర్చుకొననిచో భీమాయు రాకపోవచ్చును.

ఇక షోరూము బిల్లు. కారుతో వచ్చిన పుస్తకములో ఎన్ని కిలోమీటర్లకు ఏమి చేయవలెనో పట్టిక యుండును. అందులో లేని పూతలు, ఇంజను కడుగుడులు బిల్లులో కనబడినచో ఎందుకని యడుగుడు. పాపము, ఆ కుర్రవానిపై నెలకింత అమ్మవలెనను ఒత్తిడి యుండవచ్చును; కాని దానిని మోయవలసినది మన పోపులపెట్టె కాదు. మార్చిన పాత భాగమును చూపుమనుడు. చూపనిచోట మరల అడుగుడు.

మాటలతో పని కానప్పుడు 1915 నంబరునకు ఫోను చేయవచ్చును. అది జాతీయ వినియోగదారుల సహాయవాణి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము బిల్లు ఇయ్యకుండుటయు అనుచిత వ్యాపారమే. మీరు కాపురముండు జిల్లాలోని కమిషనులోనే రెండేండ్లలోపల ఫిర్యాదు వేయవచ్చును. చెల్లించిన మూల్యము 5 లక్షల లోపైనచో రుసుము లేదు. బిల్లులు, జాబుకార్డులు, వారంటీ పుస్తకము ఒక సంచిలో పెట్టి భద్రపరచుడు. మా యింట అవి వ్రతకథల పుస్తకముల ప్రక్కన ఉండును.