మూట తేలికైతే... మల్లన్న దగ్గరే!

దారిలో కొట్టు ఉండదు. ఫోను పలకదు. ఎవరి మూట వారే మోసుకోవాలి. శివరాత్రికి నల్లమల దాటి నడుచుకుంటూ శ్రీశైలం చేరాలంటే భక్తి ఒక్కటే చాలదు. నెలన్నర ముందునుంచే కాళ్లనీ కడుపునీ మూటనీ సిద్ధం చేసుకోవాలి!

తెల్లవారుజాము నాలుగున్నర. మైలార్‌దేవ్‌పల్లి ఇంకా పూర్తిగా నిద్రలేవలేదు. కాటేదాన్ ఫ్యాక్టరీల్లో రాత్రి షిఫ్టు ముగియలేదు. శంషాబాద్‌లో దిగబోయే విమానం దీపాలు మిణుక్కుమంటూ తలమీదుగా వెళ్తున్నాయి. కింద, వీధి దీపాల వెలుగులో నలుగురైదుగురు వడివడిగా నడుస్తుంటారు. మెళ్లో శివమాల, భుజాన సంచి. ఆ సంచిలో ఏముంటుందనుకున్నారు... ఇసుక నింపిన నీళ్ల సీసాలు!

మాఘమాసం దగ్గరపడితే హైదరాబాద్ దక్షిణపు బస్తీల్లో ఇలాంటి దృశ్యాలు మామూలే. మైలార్‌దేవ్‌పల్లి సంగతి చెప్పనే అక్కర్లేదు. మైలారుదేవుడంటే ఎవరో కాదు, మల్లన్నే. ఆయన పేరు పెట్టుకున్న ఊరినుంచి ఆయన కొండకి బస్సెక్కితే ఐదారు గంటల ప్రయాణం. నడిస్తే వారం పైనే. ఆ వారం కోసం నెలన్నర తయారీ.

రెండు దారులు... ఒకటే అడవి

ఇక్కడినుంచి శ్రీశైలానికి నడిచేవాళ్లు రెండు రకాలు. మొదటివాళ్లు ఇంటి గడప నుంచే నడక మొదలుపెడతారు. చాంద్రాయణగుట్ట, పహాడీషరీఫ్, తుక్కుగూడ దాటి కడ్తాల్, ఆమనగల్, కల్వకుర్తి మీదుగా మన్ననూరు చేరతారు. మొత్తం రెండు వందల కిలోమీటర్ల పైమాటే. రోజుకు పాతిక ముప్ఫై కిలోమీటర్ల చొప్పున ఏడెనిమిది రోజులు. మన్ననూరు దాటితే ఆమ్రాబాద్ పులుల అభయారణ్యం... 2,611 చదరపు కిలోమీటర్ల అడవి. రోడ్డు ఉంది కదా అని ధైర్యపడటానికి లేదు. మామూలు రోజుల్లో రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా అక్కడ వాహనాలనే ఆపేస్తారు.

రెండోవాళ్లు ఆరాంఘర్‌లో కర్నూలు బస్సెక్కి, అక్కడినుంచి ఆత్మకూరు చేరతారు. దగ్గర్లోని వెంకటాపురం వద్ద అడవిలో అడుగుపెడతారు. నాగలూటి వీరభద్రుడి గుడి, పెచ్చెరువు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారం... ఇదీ దారి. దాదాపు 40 కిలోమీటర్లు. దూరం తక్కువే అయినా రోడ్డు లేదు, రాళ్ల బాట. శివరాత్రికి తెలుగువాళ్లు, ఉగాదికి కన్నడిగులు ఈ దారిన వేల సంఖ్యలో వస్తారు. భ్రమరాంబను తమ ఆడపడుచుగా భావించే కన్నడ భక్తుల్లో కొందరు మరగాళ్లమీద కూడా నడిచి వస్తారు!

అసలు పరీక్ష చివర్లో ఉంటుంది. ముప్ఫై కిలోమీటర్లు నడిచి అలిసిన కాళ్లు భీమునికొలను లోయలోకి దిగుతాయి. దిగినంతా మళ్లీ ఎక్కాలి. నిట్టనిలువు మెట్లు. శ్రీశైలానికి మెట్లు కట్టించిన ఘనత 14వ శతాబ్దంలో కొండవీటిని ఏలిన ప్రోలయ వేమారెడ్డిది. ఆరు వందల ఏళ్లు దాటినా ఎక్కేవాళ్ల కష్టం మాత్రం మారలేదు. కైలాసద్వారం కనిపిస్తుండగానే సొమ్మసిల్లి కూలబడేవాళ్లు ఉంటారు. వాళ్లలో చాలామందికి లోపించేది భక్తి కాదు, నీళ్లు!

ముందు కాళ్లు... తర్వాతే మూట

అనుభవం ఉన్న గురుస్వాములు కొత్తవాళ్లని మొదట అడిగే ప్రశ్న ఒకటే. 'స్వామీ, రోజుకెంత నడుస్తున్నారు?'

మొదటి వారం ఐదు కిలోమీటర్లు. తర్వాత వారంవారం కాస్త పెంచుకుంటూ పోయి, బయల్దేరేలోపు ఒకేరోజు 20 కిలోమీటర్లు నడవగలగాలి. అంతకన్నా ముఖ్యం... మర్నాడు పొద్దున్నే లేచి మళ్లీ అంత దూరం నడవగలగాలి. మొదటిరోజు ఉత్సాహం ఎవరినైనా నడిపిస్తుంది. రెండోరోజు నడిపించేది సాధనే. సగం తయారీ అయ్యాక సంచి కూడా భుజానికెత్తాలి. ఉత్త చేతులతో 20 కిలోమీటర్లు నడిచిన మనిషి, ఏడు కిలోల బరువుతో పదికే చతికిలబడొచ్చు.

ఇక పాదాలు. మొక్కు ప్రకారం చెప్పుల్లేకుండా నడిచేవాళ్లు ముందే అరికాళ్లని అలవాటు చేసుకోవాలి. ఇంటి గచ్చుమీద తిరిగిన పాదాన్ని ఒక్కసారిగా తారు రోడ్డెక్కిస్తే మూడోరోజుకి బొబ్బలే. మట్టి దారిలో మొదలుపెట్టి మెల్లగా పెంచుకోవాలి. ఎండెక్కాక తారుమీద నడవకూడదు. అందుకే పాదయాత్రికులు తెల్లారకముందే బయల్దేరి, పదింటికల్లా చెట్టునీడ చూసుకుంటారు. మళ్లీ నడక సాయంత్రమే. షుగరు ఉన్నవాళ్లు మాత్రం వట్టి కాళ్ల మొక్కు జోలికి వెళ్లకపోవడమే మంచిది. పాదాల్లో స్పర్శ తగ్గి, ముల్లు దిగినా తెలియదు. డాక్టరుకి చెప్పి, ఆయన సరేనన్నాకే బయల్దేరాలి.

తక్కెట్లో సంచి

ప్రయాణానికి వారం ముందు సంచులు విప్పే కార్యక్రమం ఉంటుంది. రెండు దుప్పట్లు, నాలుగు జతల బట్టలు, పెద్ద టార్చి, స్టీలు టిఫిను, ఇంట్లోవాళ్లు కట్టిచ్చిన అరిసెల డబ్బా... ఒక్కొక్కటే బయటికొస్తుంటాయి. మోసే బరువు మనిషి బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా ఉంటే చాలు. అంటే 60 కిలోల మనిషికి ఆరు నుంచి ఎనిమిదిన్నర కిలోలు. అందులో రెండు లీటర్ల నీళ్లే రెండు కిలోలు. మిగిలిన దాంట్లోనే తిండీ బట్టా మందూ అన్నీ సర్దాలి.

తిండి విషయంలో మన అమ్మమ్మలు ఎప్పుడో లెక్క తేల్చేశారు. అటుకులు, పుట్నాలు, పల్లీలు, బెల్లం, సత్తుపిండి, ఎండు జొన్నరొట్టె. ఇవేవీ చెడవు, వండక్కర్లేదు, బరువు తక్కువ, బలం ఎక్కువ. వంద గ్రాముల పల్లీల్లో 550కి పైగా క్యాలరీలుంటాయి. గుప్పెడు పల్లీలు, చిన్న బెల్లం ముక్క... గంటకోసారి నోట్లో వేసుకుంటే కాళ్లు ఆగవు. పైగా పొయ్యి అవసరం లేదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నల్లమల నేలంతా ఎండుటాకులే. ఒక్క నిప్పురవ్వ చాలు, కొండ కొండంతా అంటుకోవడానికి.

పండగ రోజుల్లో నాగలూటి, పెచ్చెరువు లాంటి చోట్ల అన్నదానాలూ నీళ్లూ ఉంటాయి. అయినా వాటిని నమ్ముకుని వట్టి చేతులతో అడవిలో దిగొద్దంటారు పెద్దలు. జనం ఎక్కువైనా, దారిలో ఆలస్యమైనా మన మూటే మనకు దిక్కు.

నీళ్లే ప్రాణం

ఎండలో నడిచే మనిషికి గంటకు అరలీటరు నీళ్లయినా కావాలి. రెండు లీటర్లు నాలుగు గంటలకి సరి. అందుకే 'ఎన్ని కిలోమీటర్లు' అని కాకుండా 'నీళ్లకి నీళ్లకి మధ్య ఎన్ని గంటలు' అని దారిని లెక్కపెట్టుకోవాలి. దొరికినచోట కడుపునిండా తాగి, సీసాలు నింపుకునే కదలాలి. చెరువు నీళ్లని గుడ్డతో వడకడితే చెత్త పోతుందేగానీ క్రిములు పోవు. క్లోరిన్ బిళ్ల వేసి, దానిమీద రాసినంతసేపు ఆగాల్సిందే. చెమట ఎక్కువగా పోసినప్పుడు వట్టి నీళ్లు చాలవు. లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు... ఈ కొలత నోటికి వచ్చి ఉండాలి.

పుట్టి నుంచి ప్యాక్‌రాఫ్ట్ దాకా

ఎవరి మూట వారే మోస్తూ అడవి దాటడం ఇప్పుడు ప్రపంచమంతా పెద్ద సాహసక్రీడ. 1982లో అమెరికాలోని అలాస్కాలో ఓ పోటీ పెట్టారు. హోప్ అనే ఊరినుంచి హోమర్ దాకా దాదాపు 240 కిలోమీటర్లు అడవిలో వెళ్లాలి. బయటినుంచి ఏ సాయమూ తీసుకోకూడదు. కుర్రాళ్లంతా నది ఒడ్డున ఎలా దాటాలా అని తలపట్టుకుంటే, 55 ఏళ్ల డిక్ గ్రిఫిత్ తాపీగా సంచిలోంచి చిన్న రబ్బరు పడవ తీసి, గాలి ఊది, ఎక్కి వెళ్లిపోయాడట! మడతపెట్టి వీపున వేసుకునే అలాంటి పడవల్నే ఇప్పుడు ప్యాక్‌రాఫ్టులంటున్నారు.

మనవాళ్లకి ఇందులో వింతేమీ లేదు. శ్రీశైలానికి ఉత్తర ద్వారం ఉమామహేశ్వరం. ఆనకట్టకి 1963లో శంకుస్థాపన జరగడానికి ఎంతో ముందునుంచీ ఆ వైపునుంచి వచ్చే యాత్రికులు అడవి దాటాక కృష్ణ కూడా దాటాలి. అప్పుడు పుట్టే దిక్కు. గుండ్రంగా అల్లి, అడుగున తోలు కప్పిన బుట్ట. ఒక్క మనిషి నెత్తిన పెట్టుకుని పోగల పడవ!

తయారీ గురించి చెప్పుకునేటప్పుడు ఏనుగుల వీరాస్వామిని తలుచుకోకుండా ఉండలేం. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న కాశీకి బయల్దేరాడు. గుడారాలు, వంటసామాను, బోయీలు... దాదాపు వందమంది పరివారం. శ్రీశైలం కోసం ఈ ఆత్మకూరు దారినే పట్టాడు. మజిలీ మజిలీకీ నీళ్లు ఎక్కడున్నాయో, సరుకు ఎక్కడ దొరుకుతుందో రాసుకుంటూ పోయాడు. 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. ఆ రాతలే 'కాశీయాత్ర చరిత్ర'గా 1838లో అచ్చయ్యాయి. వందమంది ఉన్న మనిషే నీళ్ల చిరునామా రాసుకుంటే, ఒక్క సంచితో వెళ్లేవాళ్లు ఎంత జాగ్రత్తగా ఉండాలి!

అది అల్లుడిగారి ఊరు... అత్తింటివాళ్ల అడవి

నల్లమల చెంచులది. తమ ఆడపిల్లని పెళ్లాడాడు కాబట్టి మల్లన్న వాళ్లకి అల్లుడు. చెంచు మల్లయ్య అని పిలుచుకుంటారు. విల్లు, గొడ్డలి, చిన్న మూట... అడవిలో తిరగడానికి చెంచుకి అంతకుమించి అక్కర్లేదు. ఏ చెలమలో నీళ్లుంటాయో, ఏ వాగు దగ్గరికి ఎలుగుబంటి వస్తుందో వాళ్లకి తెలుసు. యాత్రికులు నేర్చుకోవాల్సింది అక్కడే.

అడవి దారిని పండగ రోజుల్లోనే తెరుస్తారు. మిగతా రోజుల్లో అనుమతి లేకుండా అభయారణ్యంలో అడుగుపెడితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పులి తిరిగే చోట గుంపుగా వెళ్లాలి, వెలుగుండగానే నడవాలి, బాట వదలకూడదు. పొదల్లో కాలు పెట్టేముందు కర్రతో తట్టాలి. ఇక ప్లాస్టిక్... లోపలికి మోసుకెళ్లిన నిండు సీసా కన్నా బయటికి తేవాల్సిన ఖాళీ సీసా తేలికే కదా! అయినా పండగ మర్నాడు బాట పొడవునా అవే కనిపిస్తాయి. జింక నోట్లో పడితే అదే విషం. అడవి పాడైతే రేపు ఆ దారీ మూతపడుతుంది.

మైలార్‌దేవ్‌పల్లిలో తెల్లవారింది. నడక ముగించినవాళ్లు టీకొట్టు దగ్గర సంచులు దించుతారు. ఇసుక సీసాలు పక్కనపెట్టి, ఈసారి ఇంకేం వదిలేయాలా అని మాట్లాడుకుంటారు. మల్లన్న ముందుకి ఎలాగూ వట్టి చేతులతోనే వెళ్లాలి. ఆ అలవాటు ఇంటిదగ్గరే మొదలవుతుందన్నమాట!

మూటలో ఏముండాలి?

* రెండు లీటర్లు పట్టే సీసాలు, క్లోరిన్ బిళ్లలు, చక్కెర, ఉప్పు
* రోజుకు అరకిలో చొప్పున పొయ్యి అక్కర్లేని తిండి
* పలుచటి దుప్పటి ఒకటి, మార్చుకోవడానికి ఒకే జత
* చిన్న టార్చి, ఈల, చేతికర్ర
* కొబ్బరినూనె లేదా వాసెలిన్, దూది, కట్టుగుడ్డ, రోజూ వాడే మందులు
* పేరు, ఊరు, ఇంటి ఫోను నంబరు రాసిన కాగితం. ఏ రోజు ఎక్కడుంటారో రాసిన ఇంకో కాగితం ఇంట్లో
* చెత్త తిరిగి తెచ్చుకోవడానికి ఖాళీ సంచి