దొరల కోటు కుర్రాళ్ల ఒంటి మీదికి

మగవాళ్ల ఫ్యాషన్ సంపన్నుల దగ్గర పుట్టి మెల్లగా కిందికి దిగుతుందని చాలాకాలం అనుకునేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లండన్‌లో ఆ లెక్క తారుమారైంది. కారణం యువ ఉపసంస్కృతులు (పెద్ద సమాజంలోనే ఉంటూ, వేషంలో, సంగీతంలో తమ దారి తాము చూసుకునే కుర్రకారు గుంపులు).

బ్రిటన్‌లో 1949లో బట్టల రేషన్ ఎత్తేశారు. లండన్‌లో ఖరీదైన దర్జీల వీధి సావిల్ రో. అక్కడి దర్జీలు ఏడో ఎడ్వర్డ్ రాజు కాలం నాటి పొడవాటి కోటును బయటికి తీసి, సైనికాధికారులకూ ధనవంతులకూ కుట్టిపెట్టేవారు. 1950ల మొదట్లో దక్షిణ లండన్ కార్మిక కుటుంబాల కుర్రాళ్లు ఆ కోటు మీద కన్నేశారు. దానికి ముఖమల్ కాలర్, గొట్టం ప్యాంటు, మందపాటి రబ్బరు అడుగున్న బూట్లు జతచేశారు. వీళ్లే టెడ్డీ బాయ్స్.

అంత ఖరీదైన కోటు వాళ్లకెలా దొరికింది? అప్పుడు పనులకు కొదవలేదు. బడి మానగానే జీతం చేతికొచ్చేది, ఇంటి ఖర్చు అమ్మానాన్నలది. కోటు డబ్బు దర్జీకి వాయిదాల్లో కట్టేవారు. పైగా కుర్రాళ్ల కోసమంటూ దుకాణాల్లో బట్టలే ఉండేవి కావు, నాన్న తొడిగేదే కొడుకూ తొడగాలి. ఫలితం కాస్త తమాషాగా వచ్చింది: కుర్రాళ్లు వేసుకోగానే దొరలు ఆ కోటు వదిలేశారు.

తర్వాత వచ్చిన మాడ్స్ అనే కుర్రకారు గుంపుది ఇటలీ కోత, బిగుతు సూటు, స్కూటర్. వానకూ నూనె మరకలకూ సూటు పాడవకుండా అమెరికన్ సైన్యం వదిలించుకున్న పార్కా (టోపీతో ఉండే వదులు పైకోటు) తొడిగేవారు. యుద్ధరంగం కోసం కుట్టిన బట్ట అలా వీధికెక్కింది. వీళ్ల గిరాకీని లండన్‌లోని కార్నబీ స్ట్రీట్‌లో జాన్ స్టీఫెన్ అనే గ్లాస్గో యువకుడు పసిగట్టాడు. దర్జీ దగ్గర వారాల తరబడి ఎదురుచూడక్కర్లేకుండా రెడీమేడ్ దుస్తులు పెట్టాడు, సరుకు త్వరత్వరగా మార్చేవాడు. నా దృష్టిలో అసలు మలుపు ఆ దొరల కోటు కన్నా ఈ వేగమే. కొత్త మోజు అందరికీ అందగానే మొదట తొడిగినవాళ్లకు అది చప్పబడిపోతుంది. వాళ్లు ఇంకోదాన్ని వెతుక్కుంటారు, దుకాణదారు మళ్లీ వెంటపడతాడు.

1971లో డిజైనర్ వివియన్ వెస్ట్‌వుడ్, ఆమె సహచరుడు మాల్కమ్ మెక్‌లారెన్ లండన్‌లోని కింగ్స్ రోడ్‌లో దుకాణం తెరిచి, మొదట అమ్మింది పాత టెడ్డీ బాయ్స్ తరహా బట్టలే. కొన్నేళ్లకు అక్కడే చిరుగుల చొక్కాలు, పిన్నీసులు వచ్చాయి. అవును, మన అమ్మమ్మలు గాజులకు తగిలించుకునే పిన్నీసులే. వాటితో పంక్ (మరో తిరుగుబాటు యువ ఉపసంస్కృతి) వేషం తయారైంది. వెస్ట్‌వుడ్‌కు 1992లో బ్రిటన్ రాణి చేతుల మీదుగా పురస్కారం అందింది. ఆ చిరుగులనూ దుకాణం అందుకుంది: చిరుగుల జీన్స్‌ను ఇప్పుడు ఫ్యాక్టరీలోనే చింపి పంపుతున్నారు.