ప్రార్థనలో ‘ఋణం’ అనే మాట

క్రైస్తవ జీవితంలో ప్రార్థనకూ ఇతరులను క్షమించడానికీ ఉన్న సంబంధాన్ని ఈ భాగంలో పరిశీలిద్దాం. గోదావరి డెల్టాకు ఈ చర్చ కొత్తది కాదు. 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్‌తో భారతదేశానికి వచ్చిన విలియం బౌడెన్, జార్జ్ బీర్‌లు నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో చేసిన సేవ నుంచే గోదావరి డెల్టా మిషన్ ఏర్పడింది. ఈ ప్రాంతపు క్రైస్తవులకు చిన్ననాటి నుంచి తెలిసిన పరలోక ప్రార్థనతోనే మొదలుపెడదాం.

మత్తయి 6వ అధ్యాయంలోని ఆ ప్రార్థనలో, తెలుగు బైబిలు ‘పాపములు’ అనదు, ‘ఋణములు’ అంటుంది. గ్రీకు మూలంలోని మాటకూ చెల్లించవలసిన బాకీ అనే అర్థం. రావులపాలెం అరటి మార్కెట్‌లో గెలల లెక్కలు చూసినవారికి దీన్ని విడమరచి చెప్పనక్కరలేదు. పద్దు కొట్టివేసే అధికారం అప్పిచ్చినవాడిదే, కొట్టివేస్తే నష్టమూ అతడిదే. కాబట్టి క్షమించడమంటే అసలు బాకీయే లేదనడం కాదు.

ప్రార్థన ముగియగానే యేసు మళ్ళీ ఈ ఒక్క మనవి దగ్గరికే వస్తాడు: ఇతరులను క్షమించనివారికి క్షమాపణ లేదంటాడు. అయితే ఇది దేవునితో బేరమా? మత్తయి 18వ అధ్యాయంలోని ఉపమానం చూడండి. ఒక సేవకుడు రాజుకు పదివేల తలాంతులు బాకీ. తోటి సేవకుడు అతడికి నూరు దేనారాలు బాకీ. దేనారం ఒక రోజు కూలి. తలాంతు సుమారు 6,000 దేనారాలు. అంటే మొదటిది 6 కోట్ల రోజుల కూలి, రెండవది 100 రోజుల కూలి. వంద రోజుల కూలి ఏ పేదవాడికీ చిన్న మొత్తం కాదు. కథ ఆ బాధను తక్కువ చేయడం లేదు. మొదటి సేవకుడు అడిగింది గడువు మాత్రమే, దొరికింది మాఫీ. తోటివాడు అదే గడువు అడిగితే అతడు చెరసాలలో వేయించాడు. రాజు మాఫీ ముందు, సేవకుని పరీక్ష తరువాత: ఈ వరుసను గుర్తుంచుకుంటే బేరం అన్న అనుమానం చాలావరకు తీరుతుంది.

మత్తయి 5:23–24లో మరో కోణం ఉంది. అక్కడ నొచ్చుకున్నది ఎదుటివాడు. అర్పణను బలిపీఠం ముందే వదిలి, వెళ్ళి అతనితో సమాధానపడి రావాలి. ఈ మాటపై రావలసినంత చర్చ రాలేదు.

క్షమిస్తే చట్టం పక్కకు తప్పుకోవాలా? 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో, కుష్ఠురోగుల సేవలో ఉన్న గ్రాహం స్టెయిన్స్‌నూ ఆయన ఇద్దరు కుమారులనూ సజీవదహనం చేశారు. భార్య గ్లాడిస్ హంతకులను క్షమించానని బహిరంగంగా ప్రకటించారు. కేసు మాత్రం నడిచింది. 2011లో సుప్రీంకోర్టు ప్రధాన దోషి యావజ్జీవ శిక్షను ఖరారు చేసింది. దెబ్బలు తిన్న భార్యతో పెద్దలు “క్షమించమ్మా, కేసు వద్దు” అన్నప్పుడు ఈ రెండూ కలగలిసిపోతాయి. పైగా ఆమె పద్దును వేరొకరు కొట్టివేస్తున్నట్లవుతుంది.