బాగుచేయబోయి పాడుచేసిన తుపాకులు

పాత ఇంగ్లిష్ జోడు గొట్టాల తుపాకీ చేతికొస్తే నేను ముందు గొట్టాల మూతులే చూస్తాను. మామూలుగా అవి ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మధ్యలో ఖాళీ కనిపించిందంటే, ఎవరో గొట్టాలు కోసి ఉంటారనే నా అనుమానం. తేలిగ్గా ఉంటుందని రెండు మూడు అంగుళాలు కోసేస్తారు. గుళ్లు త్వరగా చెదరకుండా పట్టి పంపే చోక్, అంటే గొట్టం చివరి ఇరుకు భాగం, ఆ ముక్కతోనే పోతుంది.

ఇంతకంటే ప్రమాదకరమైంది తూటా గదిని తొలవడం. ఆనాటి 12 బోర్ తుపాకులు చాలావాటిలో ఆ గది పొడవు 65 మిల్లీమీటర్లు. ఇప్పటి 70 మిల్లీమీటర్ల తూటా పట్టాలని లోపల లోహం తీసేస్తారు. పేలుడు ఒత్తిడి తీవ్రంగా ఉండే చోటే గోడ పలచబడుతుంది. బర్మింగ్‌హామ్‌లో 1813లో ఏర్పడిన పరీక్షా కేంద్రం, మామూలుకన్నా ఎక్కువ మందుతో పేల్చి చూసి, తట్టుకున్న గొట్టాలపైనే ముద్ర వేస్తుంది. తొలిచిన గొట్టానికి ఆ పాత ముద్ర హామీ కాదు.

నాకు మరీ బాధ కలిగించేది కొత్త మెరుపు కోసం చేసే పని. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి, చుట్టగా చుట్టి, కొలిమిలో అతికి డమాస్కస్ గొట్టం చేసేవారు. నిదానంగా తుప్పు పట్టించి, రుద్ది, అందులోని చారలను పైకి తెచ్చేవారు. ఇప్పుడు దాన్ని మరిగే క్షార ద్రావణంలో ముంచి నల్లరంగు ఎక్కిస్తే, రెండు గొట్టాలను కలిపే సీసం, తగరం అతుకు దెబ్బతింటుంది. సానచక్రం పెడితే చెక్కిన పువ్వులు, తయారీదారు పేరు, పరీక్ష ముద్రలు అరిగిపోతాయి. భుజానికి మెత్తగా ఉండాలని వెనుక కొయ్యను కోసి రబ్బరు దిండు బిగిస్తారు. తొడిగి తీసేసే తోలు తొడుగు ఉండగా కొయ్య కోయడం దేనికి?

ఇలాంటి ఇంగ్లిష్ తుపాకులు తెలుగు జమీందారీ కుటుంబాల్లోనూ ఉండేవి. తాతల నాటిది మీ ఇంట్లో లైసెన్సుతో ఉంటే, ముందు తెలిసినవారితో గోడ మందం కొలిపించండి. అనుమతి లేకుండా గొట్టం కురచ చేయడం మన దేశంలో 1959 ఆయుధ చట్టం ప్రకారం నేరం కూడా. మాసిన రంగును అలాగే ఉండనివ్వండి. తీసేసిన లోహాన్ని ఏ పనివాడూ తిరిగి తేలేడు.