రెండు రేకుల కవాటము

పుట్టుకతోనే దేహమునందు చేరి, బాల్యయౌవనములలో ఏ బాధయు కలిగింపక, నడివయస్సు సమీపించిన పిమ్మట గాని తన ఉనికిని తెలియజేయని లోపములు కొన్ని గలవు. వానిలో మిక్కిలి తరచుగా కనబడునది, జనసామాన్యమునకు మిక్కిలి అపరిచితమైనది, ద్విదళ మహాధమనీ కవాటము. జన్మతః కలుగు హృదయలోపములన్నిటిలోను అధికసంఖ్యాకులకు ఉండునది ఇదియే. నూటికి ఒకరు మొదలు ఇద్దరి వరకు దీనితో జన్మింతురని వైద్యుల అంచనా. స్త్రీలలోకంటె పురుషులలో ఇది రెండుమూడు రెట్లు అధికము. కండబలమునకు లోకమంతట పేరుపడిన నటుడు, కాలిఫోర్నియా గవర్నరుగా పనిచేసిన ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ సైతము ఈ లోపముతో పుట్టినవాడే. ఆయనకు 1997లో దీని నిమిత్తమే శస్త్రచికిత్స జరిగెను. పైకి కనబడు దేహదారుఢ్యము లోపలి కవాటపు క్షేమమునకు హామీ కాజాలదు.

హృదయపు ఎడమ జఠరికనుండి రక్తము మహాధమనిలో ప్రవేశించు ద్వారమున మహాధమనీ కవాటముండును. మామూలుగా దానికుండు అర్ధచంద్రాకృతిగల పలుచని మూడు రేకులు, దినమునకు సుమారు లక్ష పర్యాయములు విచ్చుకొని రక్తమునకు దారియిచ్చి, మరుక్షణమే ఒకదానినొకటి ఒరసికొని మూసుకొనుచు, వెలుపలికి పోయిన రక్తము వెనుకకు మరలకుండ కాపాడుచుండును. గర్భస్థ శిశువునందు హృదయము రూపుదాల్చు తొలివారములలో, విడివడవలసిన రెండు రేకులు కలిసియే నిలిచిపోయినచో, మూడింటి పని చేయుటకు రెండే మిగులును. కలిసిన చోట తరచుగా ఒక అతుకు మాత్రము కనబడును. శవపరిశీలనముచే శరీరనిర్మాణమును శోధించిన లియొనార్డో డా విన్సీ, ఐదువందల ఏండ్లనాడే ఈ రెండు రేకుల రూపమును తన చిత్రములలో గీచియుండెను.

ఈ లోపమును నేడు కంటితో చూచుటకు ఎకో పరీక్ష చాలును. రోగి ఎడమ ప్రక్కకు ఒత్తిగిలి పరుండగా, వైద్యుడు ఛాతీమీద చల్లని జెల్లు పూసి, చేతిలోని ప్రోబును ప్రక్కటెముకల నడుమ ఆనించి మెల్లమెల్లగా త్రిప్పును. తెరమీద నలుపు తెలుపుల నీడలలో కవాటము కొట్టుకొనుచు కానవచ్చును. మూడు రేకులదైనచో అది త్రికోణముగా విచ్చుకొనును; రెండు రేకులదైనచో చేపనోటివలె తెరచుకొనును. కత్తిగాటు లేదు, సూదిపోటు లేదు. అరగంట లోపల తేలిపోవు విషయమునకై అనేకులు అరువదేండ్లు వేచియుండుట శోచనీయము.

ఇక ఉపద్రవముల సంగతి. మూడు రేకులు సమముగా పంచుకొనవలసిన ఒత్తిడిని రెండు రేకులే భరింపవలసి వచ్చుటచేతను, వాని మీదుగా రక్తము సుడులు తిరుగుచు పోవుటచేతను, రేకులు దళసరియై, కాల్షియము పేరుకొని, క్రమముగా బిరుసెక్కి, ద్వారము ఇరుకగును. మామూలు కవాటమునకు డెబ్బది ఎనుబదియేండ్ల వయస్సున కలుగు ఈ సంకోచము, ద్విదళ కవాటము గలవారికి పది ఇరువదియేండ్లు ముందుగానే సంభవించును. ఇరుకుదారిలో రక్తమును నెట్టి నెట్టి జఠరిక గోడలు మందమెక్కును. మెట్లెక్కునప్పుడు ఆయాసము, శ్రమపడినపుడు గుండెనొప్పి, ఉన్నట్టుండి స్పృహ తప్పుట అను మూడు లక్షణములును వయోధర్మములని ఉపేక్షింపదగినవి కావు. తీవ్రమైన సంకోచమున ఇవి పొడసూపిన పిమ్మట, కవాటము మార్చనిచో రోగి జీవించునది సాధారణముగా కొలది సంవత్సరములే.

కొందరిలో రేకులు సరిగా మూసుకొనక రక్తము వెనుకకు కారుటచే జఠరిక విశాలమై దుర్బలమగును. మరికొందరిలో, నోటినుండియో చర్మమునుండియో రక్తమున ప్రవేశించిన సూక్ష్మజీవులు కవాటముపై తిష్ఠవేసి, హృదయాంతస్తర శోథయను ప్రాణాంతక వ్యాధిని కలిగించును. ద్విదళ కవాటమునకు ఈ ముప్పు అధికమని విలియం ఆస్లర్ అను ప్రసిద్ధ వైద్యుడు 1886లోనే గుర్తించి వ్రాసెను. కావున దంతముల శుభ్రత వీరికి అలంకారము గాదు, ఆత్మరక్షణము. వారములు గడచినను తగ్గని జ్వరము వచ్చినపుడు, మందుల దుకాణమున తోచిన యాంటిబయాటిక్ బిళ్లలు కొని మ్రింగరాదు. ముందుగా రక్తమును కల్చరు పరీక్షకిచ్చి, తన కవాటపు సంగతిని డాక్టరునకు తప్పక చెప్పవలెను.

వీనియన్నింటికంటె గూఢమైనది మహాధమని విస్తరణము. ఈ లోపము కవాటమునకే పరిమితము గాదు. దానిపైనున్న మహాధమని గోడయు అనేకులలో బలహీనమై, కవాటము చక్కగా పనిచేయుచున్నను, ఏటేట కొద్దికొద్దిగా ఉబ్బుచుండును. మామూలుగా మూడు, మూడున్నర సెంటీమీటర్ల వెడల్పుండు ఈ నాళము ఐదున్నరకు చేరినచో, లక్షణములేవియు లేకున్నను శస్త్రచికిత్స అవసరమని వైద్యుల మతము. వేగముగా పెరుగుచున్నను, కుటుంబమున మహాధమని చీలిన చరిత్రయున్నను ఐదు వద్దనే దానిని యోచింతురు. అట్లు కనిపెట్టి యుండనిచో గోడ లోపలిపొర చినిగి, రక్తము పొరల నడుమ చొరబడవచ్చును. ఛాతీలోగాని, భుజఫలకముల నడుమగాని, అకస్మాత్తుగా చీల్చినట్లు పుట్టు తీవ్రమైన నొప్పి దాని చిహ్నము. గ్యాసునొప్పి యని సోడా త్రాగి కాలము వెళ్లబుచ్చిన ప్రతి గంటయు ప్రాణమునకు ముప్పే.

చికిత్సామార్గములు నేడు పెక్కు గలవు. పాడైన కవాటమునకు బదులు లోహనిర్మితమైన దానినో, జంతుకణజాలముతో చేసిన దానినో అమర్చుదురు. తిరువనంతపురములోని శ్రీచిత్ర సంస్థ రూపొందించిన స్వదేశీ కవాటము 1990లో తొలిసారి రోగికి అమర్చబడి, దిగుమతి కవాటముల ధర భరింపజాలని వేలమందికి ప్రాణాధారమైనది. లోహకవాటము గలవారు రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ అను మందును జీవితాంతము వాడుచు, దాని మోతాదును సరిచూచు ఐ.ఎన్.ఆర్. అను రక్తపరీక్ష చేయించుకొనుచుండవలెను. ఆకుకూరలలోని కె విటమిను ఆ మందునకు ఎదురు పనిచేయును గనుక, తోటకూర, పాలకూర, గోంగూర పూర్తిగా మానుటయు, ఒక వారము మాని మరువారము మితిమీరి తినుటయు రెండును తగవు. ప్రతివారము ఇంచుమించు ఒకే మోతాదున తినుట మేలు.

అయితే కవాటము మారినంత మాత్రమున వ్యాధి తీరినదనుకొనుట పొరపాటు. కవాటము మారినను మహాధమని పాతదే. దాని కొలత తీయుట ఆగరాదు. రక్తపోటు అదుపులో నుండవలెను. నాళము ఉబ్బినవారు ఊపిరి బిగబట్టి పెద్ద బరువులెత్తు వ్యాయామములు విడువవలెను. గర్భమును కోరు స్త్రీలు ముందుగానే నాళపు వెడల్పును తెలిసికొనవలెను. నడక, చదువు, ఉద్యోగము, వివాహము వీనిలో దేనికిని ఈ లోపము తనంతట తాను అడ్డు గాదు.

ఇది వంశమున పారు లోపము. ఒకరికి బయటపడినచో వారి తలిదండ్రులు, తోబుట్టువులు, బిడ్డలలో దాదాపు పదిమందికి ఒకరికి ఇది ఉండునని పరిశోధనలు తెలుపుచున్నవి. పెండ్లి సంబంధములు చెడునను భయముతో ఈ సంగతిని దాచు కుటుంబములు, ఆ దాపరికముచే తమ బిడ్డలనే అపాయమునకు గురిచేయుచున్నవి. మీ యింట ఎవరికైనను ఈ లోపమున్నట్లు డాక్టరు చెప్పినచో, రక్తసంబంధీకులందరికిని ఆ మాట తెలియజేసి, ఒక్కసారి ఎకో పరీక్ష చేయింపుడు. లోపము కలవారు డాక్టరు చెప్పిన గడువునకు తప్పక మరల పరీక్షకు పొండు.