సంఘపు గుమాస్తా నేర్చు కొత్త చదువు – అందు రైతునకు గల లాభము

సహకార సంఘమునకు అసలైన మూలధనము నమ్మకము. ఆ నమ్మకము నిలుచుటయు చెడుటయు సంఘపు లెక్కలలో నున్నది. మన దేశమున సహకార పరపతి సంఘముల చట్టము 1904లో వెలువడినది మొదలు తరతరములుగా ఆ లెక్కలు చిట్టాలోను ఆవర్జాలోను కలముతో వ్రాయబడుచు వచ్చినవి. ఇప్పుడవి కంప్యూటరు తెరమీదికి వచ్చుచున్నవి. పుస్తకము మారినప్పుడు వ్రాయు చేతికిని కొత్త చదువు కావలయును. ఆ చదువు ఎట్లు సాగిన రైతునకు మేలో ఇచ్చట వివరింతుము.

భారత ప్రభుత్వము 2022 జూన్ 29వ తేదీన ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల కంప్యూటరీకరణ పథకమును ఆమోదించినది. మొదటి నిర్ణయము ప్రకారము 63,000 సంఘములకు 5 సంవత్సరములలో 2,516 కోట్ల రూపాయలు వ్యయము చేయవలసియుండెను. ఆంధ్రప్రదేశ్ లోని సంఘములును ఇందు చేరినవి. గ్రామ సంఘపు లెక్క జిల్లా కేంద్ర సహకార బ్యాంకునకును, రాష్ట్ర సహకార బ్యాంకునకును, నాబార్డునకును ఒకే రీతిగా కనబడునట్లు చేయుట దీని ఉద్దేశము. యంత్రములు కొనుట, పాత లెక్కలను ఎక్కించుట, వాని భద్రత చూచుట మాత్రమే గాక, ఉద్యోగులకు శిక్షణ యిచ్చుటయు ఈ పథకములోని భాగమే. యంత్రమును ఒక్క దినమున కొనవచ్చును; మనిషి నేర్చుటకు మాత్రము కాలము పట్టును.

ఈ శిక్షణతో రైతునకేమి పని యని కొందరడుగవచ్చును. ఒక లెక్క చూడుడు. కేంద్ర ప్రభుత్వపు వడ్డీ రాయితీ పద్ధతిలో స్వల్పకాలిక పంట ఋణమునకు వడ్డీ 7 శాతము. గడువులోపల చెల్లించినవారికి అందు 3 శాతము తగ్గి 4 శాతమే పడును. ఒక రైతు లక్ష రూపాయలు తీసికొని, సంవత్సరపు గడువునకు రెండు దినములు ముందుగా చెల్లించెననుకొందము. గుమాస్తా ఆ జమను గడువు దాటిన తేదీతో ఎక్కించెనేని, రైతునకు రావలసిన తగ్గింపు సుమారు 3,000 రూపాయలు పోవును. గుమాస్తా దురుద్దేశముతో చేసినది కాదు. తెరమీద తేదీ ఎచ్చట దిద్దవలెనో సరిగా తెలియకపోవుటయే కారణము. నష్టము మాత్రము రైతుదే.

కావున శిక్షణ ఎట్లుండవలెనన్నది ముఖ్యము. ఒక దినమెల్ల నలుబదిమందిని కూర్చుండబెట్టి ఉపన్యసించినచో విన్నప్పుడు అంతయు తెలిసినట్లే యుండును. ఊరికి వచ్చి తెరముందు కూర్చున్నప్పుడు చేయి ఆడదు. విజయనగరము వారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. 1919లో మన పట్టణమున సంగీత కళాశాల వెలసినది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అచ్చట వయొలిన్ నేర్పిరి. సంగీతవిద్యలో శిష్యుడు వాయించును. అపస్వరము పలికిన తోడనే గురువు ఆపి మరల వాయింపించును. నూరు కచేరీలు విన్నను, కమాను పట్టనివానికి వాద్యము పలుకదు.

ఈ పద్ధతినే కంప్యూటరులో అమర్చినచో దానిని పరస్పర పద్ధతి శిక్షణ యనవచ్చును. తెర చెప్పుట, మనిషి చూచుట మాత్రమే గాదు. తెర ప్రశ్నించును, మనిషి చేసి చూపును, తప్పొప్పులను తెర వెంటనే తెలుపును. ఉదాహరణకు, అభ్యాసమునకై కల్పించిన ఒక రైతు ఖాతా తెరపై వచ్చును. వరిపంటకు ఋణము వ్రాయుము, ఎరువుల అరువు వ్రాయుము, పాక్షికముగా వచ్చిన జమను అసలుకును వడ్డీకిని పంచుము అని తెర యడుగును. తప్పిన యెడల ఎచ్చట తప్పెనో, ఏల తప్పెనో చూపి, అట్టిదే మరియొక లెక్క నిచ్చును. అభ్యాసపు ఖాతాలో పది తప్పులు చేసినను ఎవరి సొమ్మును పోదు. నిజమైన ఖాతాలో ఒక్క తప్పైనను ఒక కుటుంబమునకు తగులును. ఈ భేదమే ఈ పద్ధతికి ప్రాణము.

ఇంకొక గుణము కలదు. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అను జర్మను పండితుడు 1885లో జ్ఞాపకశక్తిపై తన పరిశోధనలను ప్రకటించెను. నేర్చినదానిలో చాల భాగము మొదటి గంటలలోను దినములలోను జారిపోవుననియు, విడివిడిగా మరల మరల చదివినది నిలుచుననియు ఆయన చూపెను. ఈ శిక్షణను దినమునకు పావుగంట చొప్పున, గుమాస్తా తన సంఘములోనే కూర్చుండి సాగింపవచ్చును. బడిపంతుళ్లకై 2017లో దీక్ష అను వేదికయు, ప్రభుత్వోద్యోగులకై 2020లో కర్మయోగి పథకమును ఏర్పడినవి. ఉద్యోగి యున్నచోటికే చదువును తెచ్చుట వీని మార్గము.

అయితే యంత్రమే గురువు కాజాలదు. 2006లో బెంగుళూరున పరిశోధనగా మొదలై, తరువాత మన రాష్ట్రమునను పనిచేసిన డిజిటల్ గ్రీన్ వారి పద్ధతి ఇందుకు నిదర్శనము. రైతులే కనబడు చిన్న చిత్రములను వారు గ్రామములలో చూపింతురు. నడుమ నడుమ చిత్రమును ఆపి, ఒక మనిషి ప్రశ్నలడిగి మాటలాడించును. బొమ్మతోపాటు అడుగువాడును ఉండవలయును.

ఈ శిక్షణ చెడు మార్గములును కలవు. పాఠము చదువకయే మీట నొక్కుచు పోయి యోగ్యతాపత్రము పొందవచ్చును. పాఠము తెలుగున లేనిచో తప్పు ఎచ్చటనో తెలియదు. విద్యుత్తు, సిగ్నలు నిలువని కొండప్రాంతపు ఊళ్లలో పాఠము నడుమ తెగిపోవును. ముప్పది యేండ్లు చిట్టా వ్రాసిన గుమాస్తా చిన్నవారి ముందు అడుగుటకు సిగ్గుపడును. ఊరిలో ఎవరి భూమి ఎచ్చటనో, ఎవరి మాట నమ్మదగినదో ఎరిగినవాడు అతడే. అతనిని తొలగించుటకు గాక, అతని చేతికి కొత్త పనిముట్టు నిచ్చుటకే ఈ చదువు.

కావున రైతుసోదరులు రాబోవు సర్వసభ్య సమావేశమున ఈ నాలుగు ప్రశ్నలడుగవలెను. మన గుమాస్తాకు నేర్చుటకు పనివేళలలోనే సమయమిచ్చితిరా? అభ్యాసమునకు వేరు ఖాతాలు తెలుగున ఉన్నవా? సందేహము వచ్చినప్పుడు చెప్పు మనిషి యెవరు? పరీక్ష కాగితముపైననా, చేయించియా? ఉభాల వేళ, ఋణములిచ్చు తొందరలో శిక్షణ పెట్టక, వేసవిలోనే ముగించుట మేలు. అంతవరకే గాదు, ఆ తరువాతను ప్రతి జమకు రసీదు తీసికొని తేదీ చూచుకొనుట సభ్యుని ధర్మము. గుమాస్తా నేర్చుకొన్న చదువును, సభ్యుడు చూచుకొన్న రసీదును కూడినప్పుడే సంఘపు లెక్క నిలుచును.